కాళ్ల తనిఖీ

ఈ కొలువులో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, పని ఎట్లా ఉంటుందని అడిగి పోతున్నారు. నేను నోటితో చెప్పడం మొదలుపెడితే మా ఆవిడ వంటింట్లోంచి, "గంత పొడుగు లేదది, జర కత్తిరించుండ్రి" అని అరుస్తుంది. అందుకని రాస్తున్నాను. కాగితం మీద కత్తిరించడానికి ఆవిడకు చదువు రాదు.

నా పదోన్నతుల ఊసు ఎత్తను. ఎత్తడానికి ఉన్నది ఒక్కటే. నా పై ఉన్నవాడు ఎండదెబ్బ తగిలి సెలవు పెడితే వచ్చింది, అతను మజ్జిగ తాగి లేచి కూర్చోగానే పోయింది. కాగితాల సంగతీ ఎత్తను. కాగితాలు మీకు ఎట్లాగూ మెడ దాకా వస్తాయి.

పని ఏమిటంటే

నేను చేసింది దరోగా పని. దరోగా అనగానే లాఠీ, మీసం గుర్తుకు తెచ్చుకోకండి. మా మహకమాలో, అంటే మా శాఖలో, దరోగా అంటే ఇళ్లు తనిఖీ చేసేవాడు. నా వాటాకు వచ్చినవి అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఉన్న ముసలివాళ్ల ఇళ్లు. ఎవరూ లేని ముసలివాళ్లను ధర్మానికి ఉంచుకుని, ఇంత తిండి పెట్టే చిన్న చిన్న ఇళ్లు అవి. బట్టల వ్యాపారి ఒకడు, మందుల దుకాణం వాడొకడు, చనిపోయిన తల్లి పేరనో తండ్రి పేరనో నడిపించేవారు. కింద దుకాణమో గోదామో ఉండేది. పైన ముసలివాళ్లు ఉండేవారు. కింద కిరాయి వచ్చేది, పైన పుణ్యం వచ్చేది. ఆ కిరాయి ఎన్నడూ మెట్లెక్కి పైకి పోలేదు.

బావికి గట్టు ఉందా, దూలాలకు చెదలు పట్టిందా, కందీలు దీపాలు గడ్డిపరుపుల మీద వేలాడుతున్నాయా, తలుపు గొళ్లెం లోపల ఉందా బయట ఉందా, ఇవీ నేను చూడవలసినవి. వారం ముందే చప్రాసీ పోయి, ఫలానా నాడు దరోగా సాబ్ వస్తున్నారని చెప్పి రావాలి. అది మా మర్యాద. ఆ మర్యాద ఎంత పని చేసేదో అబిడ్స్‌లో ఒక ఇంట్లో తెలిసింది.

ఆ ఇంటి వంటగది గురించి మొదటిసారి పోయినప్పుడు గట్టిగా మందలించాను. అందులో పొగ ఎంత చిక్కగా ఉండేదంటే, నేను లోపల తుమ్మితే ఆ తుమ్ము అక్కడే ఒక మూల కూర్చుండిపోయింది. రెండోసారి పోయేసరికి వంటిల్లు అద్దంలా ఉంది. గోడకు కొత్త సున్నం. పొయ్యి మీద ముగ్గు. నేను మురిసిపోయి, పొగ లేదని రాసుకుంటుంటే మంచం మీద కూర్చున్న ముసలాయన ఒకడు చెయ్యి జోడించాడు.

"దరోగ సాబ్, జల్ది రాసుకోని పోండ్రి. మీరొచ్చిన నాడు మాకు ఏకాదశి."

"అదేంది?"

"పొయ్యి ముట్టిస్తే పొగస్తది గదా. నిన్న రాత్రి సంది ముట్టియ్యలె."

పొగ లేదన్నది నిజమే. అన్నమూ లేదు. ఆ రోజు బయటికి వచ్చి, అబిడ్స్ రోడ్డు మీద ఉన్న ఫలహారాల దుకాణాలన్నిటి ముందునుంచీ తల వంచుకుని నడిచాను.

మెట్ల నిబంధన

ఒక ఇంట్లో కందీలు పడి పరుపు అంటుకుంది. పైన ఉన్న ముసలాయన మెట్లు దిగలేకపోయాడు. అందరూ కింద నిలబడి అతన్ని పిలుస్తూనే ఉన్నారట. ఏ ఇల్లో చెప్పను. ఆ తరువాత మా మహకమా ఒక నిబంధన పెట్టింది. పై అంతస్తులో ఉండేవాళ్లు తనిఖీ నాడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తమ కాళ్లతో మెట్లు దిగి చూపాలి. దిగలేనివాళ్లను పైన ఉంచరాదు.

చదివితే ఎంత బాగుందో చూడండి. నేను కూడా చదివి తలూపాను. అయితే కింద ఉన్నది గోదాము. బట్టల మూటలు లేచి పైకి పోవు. కనుక దిగలేని మనిషి పోవలసింది ఊరి బయట ఉన్న మొహతాజ్‌ఖానాకు. నడవలేని దిక్కులేనివాళ్లను సర్కారు ఉంచే చోటు అది. అక్కడ కొట్టరు, తిట్టరు. వరసగా మంచాలు వేసి పడుకోబెడతారు. కానీ అంత దూరం పోయి చూసి వచ్చేవాళ్లు ఎవరుంటారు? పోయినవాళ్లు తిరిగి రావడమైతే నేను ఎరుగను.

దానితో తనిఖీ వస్తుందనగానే ముసలివాళ్లు కాళ్లకు తాలీము మొదలుపెట్టేవారు. కుస్తీ పట్టేవాళ్లు కూడా అంత సాధన చెయ్యరు. మోకాళ్లకు ఆముదం రాసుకుని మెట్లు ఎక్కడం, దిగడం. ఆ ఆముదం పాదాల మీదికి, పాదాల నుంచి మెట్ల మీదికి. తనిఖీ నాటికి ఆ మెట్ల మీద దోసె పోస్తే అంటుకోకుండా వచ్చేది. ఒకసారి మా చప్రాసీ పై మెట్టు మీద కాలుపెట్టి, నాంపల్లి స్టేషన్ దాకా జారుతూ పోయాడని చెప్తే మా ఆవిడ నమ్మదు. గోదాము దాకా జారాడని చెప్తే నమ్ముతుంది.

నవ్వండి, ఫరవాలేదు. మిగతా దినాలన్నీ ముసలివాళ్లు పైన మంచాల మీద క్షేమంగానే ఉండేవారు. వాళ్ల క్షేమం చూడడానికి మేము వచ్చిన దినమే వాళ్ల ప్రాణానికి గండం. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే నాకు తెలిసింది. తెలిసి ఏమీ చెయ్యలేకపోయాను. నా పైవాళ్లతో చెప్పాను, వాళ్లు వాళ్ల పైవాళ్లతో చెప్తామన్నారు. పైన ఉన్నవాళ్లెవరూ మెట్లు దిగి రాలేదు.

మొహియుద్దీన్ సాబ్ మోకాళ్లు

నాకు మొదట దొరికిన పై అధికారి మొహియుద్దీన్ సాబ్. మనిషి ఎంత లావంటే, ఆయన ఎక్కితే టాంగా వెనక్కు వాలి గుర్రం కాళ్లు గాలిలో ఈదేవి. ఆయన తనిఖీలన్నీ టాంగాలోంచే. వీధిలో బండి ఆపించి, పాన్ నములుతూ, "విఠల్ రావ్, నువ్వు చూడు, నేను వింట" అనేవారు.

"సాబ్, తమరొకసారి మెట్లెక్కి చూస్తే..."

"మెట్లు ఎక్కరానోళ్లను తీసెయ్యాలంటే ముందుగాల నన్ను తీసెయ్యాలె. నా కొలువు పోగొడ్తవా ఏంది?"

బద్ధకస్తుడు. ఆయన చేతి కింద దూలాలు విరిగాయి, బావి గట్లు కూలాయి, ఆయన వక్కపొడి డబ్బా తప్ప ఏదీ సరిగా లేదు. నేను ఆయన్ని మెచ్చుకోవడం లేదు. ఆయన ఉన్నన్నాళ్లు మాత్రం నాంపల్లి నుంచి ఒక్క ముసలి ప్రాణి కూడా ఊరి బయటికి పోలేదు. ఈ రెండు మాటలూ నిజమే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరు సవతులు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక బట్టల వ్యాపారి ధర్మపు ఇల్లు ఉండేది. చూసుకునేవాడు ఆయన మున్షీ రామచంద్రయ్య. కింద మూటలు, పైన ముసలి ఆడవాళ్లు. మెట్లు నిటారుగా ఉండేవి. ఎక్కుతుంటే పై మెట్టు మన ముక్కును పలకరించేది.

ఆ ఇంట్లో నర్సవ్వ, బాలమణి అని ఇద్దరు సవతులు. భర్త ఇళ్లకు సున్నం వేసేవాడట. ఆయన పోయాక ఇద్దరూ ఒకే మూట పట్టుకుని ఈ ఇంటికి వచ్చారు. నర్సవ్వ పెద్దామె. కళ్లల్లో పువ్వులు పూసి చూపు దాదాపు పోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. బాలమణి చిన్నామె, కర్రపేడులాంటి గట్టి మనిషి. నర్సవ్వకు అన్నం కలిపి పెట్టడం, నీళ్లు పోయడం, జడ అల్లడం అన్నీ ఆమే. చేసినంతసేపూ తిట్టేది. ఆమె తిట్టినంతసేపూ ఈమె తిట్టేది. వాళ్ల పోట్లాటలో ఇంజను కూత వినబడక నాంపల్లి ప్రయాణికులు బండి తప్పిపోయేవారు.

నర్సవ్వ మెట్లు దిగలేని మనిషి. మొహియుద్దీన్ సాబ్ కాలంలో అది ఎట్లా గడిచిందో చెప్తాను. అధికారుల ముందు ఆ ఇంటి ఆడవాళ్లు కొంగు ముఖం మీదికి లాక్కుని దిగేవారు. నేను "బాలమణి" అని పిలిస్తే బాలమణి దిగేది, ఎక్కేది. ఇంకో ఇద్దరు ముగ్గురు అయ్యాక "నర్సవ్వ" అంటే, నర్సవ్వ చీర కట్టుకుని, నర్సవ్వ దగ్గు దగ్గుకుంటూ మళ్లీ బాలమణే దిగేది.

"ఏమ్మా నర్సవ్వా, బాలమణి మంచిగ చూసుకుంటుందా?" అని ఒకసారి అడిగాను, నా నోరు ఊరుకోక.

"గా ముండనా? దాని నోట్ల మన్ను వడ! కూర అంత అది మింగి నాకు ఉత్త గిన్నె చూపెడ్తది, సాబు."

పైనుంచి అసలు నర్సవ్వ గొంతు ఖంగుమంది. "అబద్ధం! నేను గట్ల ఎన్నడన్ననే బాలీ?"

వీధిలో టాంగాలోంచి మొహియుద్దీన్ సాబ్ అడిగారు. "విఠల్ రావ్, నర్సవ్వ కిందున్నదా, పైనున్నదా?"

నేను కాగితాలు తిరగేశాను.

"మన చెవులు ముసలివైనయ్ తియ్. చల్నే దో, పోనియ్" అన్నారాయన, గుర్రాన్ని ఉద్దేశించినట్టు.

మంచి అధికారి

మొహియుద్దీన్ సాబ్ పింఛను పుచ్చుకున్నాక కిషన్ రావు గారు వచ్చారు. బక్కపలచని మనిషి, తెల్లటి బట్టలు. ఎవరింట్లోనూ చాయ్ తాగరు, తన ఫ్లాస్కు తానే మోసుకుంటారు. ఖైరతాబాద్ నుంచి ఎండలో నడిచి వస్తారు. ఆయన వచ్చిన ఏడాదిలోనే బావులకు గట్లు లేచాయి, చెదల దూలాలు మారాయి. నా ఉద్యోగంలో చూసిన అందరిలోకీ నిజాయితీపరుడు ఆయనే. అదే వచ్చింది తంటా. లంచం తినేవాడైతే మున్షీ ఏదో ఒకటి ముట్టజెప్పేవాడు, కథ అక్కడితో తీరేది.

మీకు దుర్మార్గుడైన అధికారి దొరికితే భయపడకండి. దుర్మార్గుడికి నిద్ర వస్తుంది, ఆకలి వేస్తుంది, అల్లుడు వస్తాడు. ఎక్కడో ఒక సందు ఉంటుంది. నిబంధన మంచిది, అధికారి మంచివాడు, ఇల్లు నడిపేవాడూ మంచివాడే అయినచోట ముసలిమనిషి ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్న పట్టుకుని నేను చాలా ఆఫీసులు తిరిగాను. అందరూ కుర్చీ వేశారు.

ఆ రోజు

ఆ రోజు కిషన్ రావు గారు గోదాము గడప దగ్గర, సరిగ్గా మెట్ల కింద నిలబడ్డారు. నేను పక్కన. బాలమణి దిగింది, ఎక్కింది. ఇద్దరు దిగారు, ఎక్కారు. "నర్సవ్వ" అని పిలిచాను. దగ్గు వినబడింది. కొంగు కప్పుకుని ఒక మనిషి దిగింది.

"ఆగమ్మా" అన్నారు కిషన్ రావు గారు. ఆయన ముఖాలు చూసే మనిషి కాదు, పాదాలు చూసే మనిషి. "ఈమె కుడికాలి బొటనవేలికి గోరు లేదు. మొదట దిగినామెకు గూడ లేదు."

మున్షీ రామచంద్రయ్య చటుక్కున ముందుకొచ్చాడు. "ఇద్దరు ఒక్క మొగని పెండ్లాలు సాబ్. ఏది పోయినా ఇద్దరికి ఒక్క తీరుగనే పోతది."

కిషన్ రావు గారు నవ్వలేదు. "ముసుగు తియ్యమ్మా. నువ్వెవరు?"

"బాలమణిని."

"నర్సవ్వ ఏది?"

"పైన పన్నది. జరం."

"నాకేం జరం లేదు!" అని పైనుంచి కేక. "ఉత్తగ జరం అంటగడ్తవేందే?"

నేను ఆయన్ని పక్కకు పిలిచాను. "సాబ్, కళ్లు లేని మనిషి. ఇద్దరినీ విడదీస్తే బతకదు. ఈ ఒక్కటీ చూడనట్టు పోదాం."

"విఠల్ రావ్, మంట లేస్తే గామె ఏం చేస్తది? గది చెప్పుండ్రి నాకు."

నేను మళ్లీ మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాను.

నర్సవ్వను పిలిచారు. ఆమె పై మెట్టు మీదికి వచ్చి, గాలిలో చేతులు ఆడించింది. బాలమణి మళ్లీ ఎక్కిపోయి ఆమె వెనక నిలబడింది.

"పట్టుకోవద్దు" అన్నారు కిషన్ రావు గారు.

"పట్టుకోను సాబు. తిట్టచ్చునా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "తిట్టొద్దని నిబంధనల లేదు."

బాలమణి పైనే నిలబడి మొదలుపెట్టింది. "ఎడమ కాలు తియ్యవే కట్టెమొద్దా. ఇంక జర కిందికి. ఆ, గదే. ఇగ కుడిది. గీ మెట్టు అంచు విరిగింది, గోడ దిక్కు జరుగు. జరగవే, నీ మొగడు కట్టిండా గీ మెట్లు, నడిమిట్ల నడుస్తవు?"

"నా మొగడేనా? నీ మొగడు గాదా?" అంది నర్సవ్వ, ఇంకో మెట్టు దిగి.

"ముందుగాల నీకే. నువ్వు వాడుకోంగ మిగిలింది నాకొచ్చె. ఎడమ కాలు."

"మిగిలిందాన్ని గూడ తిని కూసున్నవు గదే!"

"కుడి కాలు. నోరు ముయ్యి, కాలు తియ్యి."

ఒక్కొక్క తిట్టుకు ఒక్కొక్క మెట్టు. నేను, మున్షీ ఊపిరి బిగబట్టాం. గోదాములో మూటలు కూడా బిగబట్టాయి. చివరికి నర్సవ్వ పాదం గచ్చుకు తగిలి అక్కడే తడుముకుంది.

"అయిపోయినయా?"

"అయిపోయినయ్ అవ్వా" అన్నాను.

కిషన్ రావు గారి ముఖం వికసించింది. నడవగలదని రాసుకున్నారు. "చూసిన్రా, ఉత్తగనే మోసం చేసిన్రు. ఇగ రెండో ఆమెను దిగమనుండ్రి."

"సాబ్, ఆమె ఇప్పటికే రెండుసార్లు దిగింది. మొదటిసారి తన పేరు మీదనే దిగింది."

"ముసుగుల ఎవరున్నరో నాకెట్ల ఎరుక? మోసం పట్టువడ్డంక ముందటిది చెల్లదు. ఒక్కసారే గదా, దిగనియ్యుండ్రి."

ఆయనకు అందులో ఏ దురుద్దేశమూ లేదు. కర్రపేడులాంటి మనిషి, ఏముంది దిగడానికి అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. పొద్దుటి నుంచి తాలీము చేసిందని, రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కిందని, ఆమెకూ వయసు మీద పడిందని ఎవరికీ తోచలేదు.

బాలమణి గెలిచిన మనిషిలా నవ్వుతూ దిగింది. సగంలో ఆగింది. గోడకు చెయ్యి ఆనించి, అది కూడా పట్టుకోవడమే అవుతుందేమోనని వెంటనే తీసేసింది. మోకాలు మడతపడింది. అక్కడే కూర్చుండిపోయింది.

"ఏందే, సప్పుడు లేదు?" అంది నర్సవ్వ, ముఖం పైకెత్తి.

"ఏం లేదక్కా. జర కూసున్న."

ఆమె అక్కా అనడం నేను అదే మొదటిసారి విన్నాను. నర్సవ్వకు కూడా భయం వేసినట్టుంది.

"లే."

"లేస్త."

లేవలేదు. నర్సవ్వ మెట్ల వైపు రెండు చేతులూ చాపి తిట్లు అందుకుంది. "లేవే దొంగదానా. కూర గిన్నె కాడికైతే ఉరుకుతవు గదా. ఎడమ కాలు తియ్యి. తీసినవా? తియ్యవే!"

కిషన్ రావు గారు చాలాసేపు ఆగారు. తొందర లేదమ్మా అన్నారు. తన ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, మెట్లెక్కి పోయి, ఆమె చేతికి ఇచ్చారు. ఆమె తాగింది. మళ్లీ ప్రయత్నం చేసింది. మోకాలు వాచి కుండలా అయింది. అప్పుడు రాశారు, నడవలేని మనిషి అని.

నేను పూచీ ఉంటానన్నాను. రాత్రి మంట లేస్తే వచ్చి మోస్తారా అని అడిగారు. నాలుగు దినాలు ఆగుదామన్నాను. ఆ నాలుగు దినాలలోనే కందీలు పడితే అన్నారు. మున్షీ ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. ఆయన వెనక్కి జరిగి, టాంగా పిలిపించారు.

"నన్ను గూడ రాయి సాబు" అంది నర్సవ్వ. "నాకు నడువనీకి రాదు. నన్ను గూడ దానెంబడి తోలు." అంటూ గచ్చు మీద కూలబడింది. "చూడు, కూసున్న. ఇగ లెవ్వ."

కిషన్ రావు గారు ఆమె ముందు గొంతుకూర్చున్నారు. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్తే మీరు నమ్మరు. "అవ్వా, ఇప్పుడే నా ముందల దిగినవు గదా. నన్ను అబద్ధం రాయమంటవా? గాడ నడవరానోళ్లకే జాగ. నువ్వు పోతే ఇంకో నడవరాని అవ్వకు మంచం లేకుంట అయితది."

బాలమణిని నేను, మున్షీ ఇద్దరం మోసి టాంగాలో కూర్చోబెట్టాం. నర్సవ్వ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది.

"అక్కా, బువ్వ గిన్నె కుడి దిక్కు పెట్టుమను. వీళ్లు ఎడమ దిక్కు పెడ్తరు, నువ్వు ఒలుకబోస్తవు."

"నాకు చెప్పకు. మల్ల ఎప్పుడొస్తవు?"

"మోకాలు మంచిగైనంక."

"ఎప్పుడు?"

టాంగా కదిలింది. గల్లీ మలుపు దాకా బాలమణి ఏదో చెప్తూనే ఉంది. గుర్రపు డెక్కల చప్పుడులో మాటలు తెలియలేదు.

నర్సవ్వ గుమ్మం పట్టుకుని లేచింది. గుమ్మం వదిలేసింది. ఎడమ కాలు, కుడి కాలు, ఎదురొచ్చే సైకిళ్లు ఇటూ అటూ తప్పుకుంటుంటే, చేతులు ముందుకు చాపి, ఆ డెక్కల చప్పుడు వెంట గల్లీలో సాగిపోయింది. మున్షీ "అవ్వా, అవ్వా" అంటూ పరిగెత్తాడు.

కిషన్ రావు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లల్లో నిజమైన సంతోషం ఉంది.

"చూసిన్రా విఠల్ రావ్, ఎంత మంచిగ నడుస్తుందో."